మన సమాధుల తోటలో చెట్ల కోసం: సంఘ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘ సభ్యులందరికీ, గుంటూరు విడిచి వేరే ఊళ్లలో, దేశాల్లో స్థిరపడిన మన కుటుంబాలకూ వందనాలు.

మన సమాధుల తోటకు ఎండాకాలంలో వచ్చినవాళ్లకు పరిస్థితి తెలుసు. మే నెల మధ్యాహ్నం భూస్థాపన జరుగుతుంటే పాస్టరుగారు వాక్యం చదివేంతసేపు కూడా పెద్దవాళ్లు నిలబడలేకపోతున్నారు. గొడుగులు చాలవు. గేటు పక్కన ఉన్న ఒక్క వేపచెట్టు నీడకే అందరూ చేరుతున్నారు. తల్లినో భర్తనో మట్టికి అప్పగిస్తున్న మనిషి పెట్టె దగ్గర నిలబడలేక దూరంగా వెళ్లి కూర్చోవాల్సి రావడం మా మనసుల్ని బాధపెట్టింది. అందుకే గోడ వెంబడి, దారుల పక్కన 60 చెట్లు పెంచాలని కమిటీ నిర్ణయించింది. నాటడానికి ఖర్చు తక్కువే. వాటిని బతికించడానికే మీ సాయం అడుగుతున్నాం.

రేకుల షెడ్డు వేస్తే పని త్వరగా అయిపోతుంది కదా అని కొందరు అడిగారు. మే నెలలో రేకుల కింద ఉక్క మనందరికీ తెలిసిందే. అయితే మేము చెట్లే కావాలనుకోవడానికి అంతకంటే పెద్ద కారణం ఉంది.

ఆ వేపచెట్టును శ్రమల కాలంలో, అంటే ఈస్టరుకు ముందు రోజుల్లో, గమనించండి. మనం ఉపవాస కూడికలకు వెళ్లే రోజుల్లోనే అది పాత ఆకంతా రాల్చేస్తుంది. చూసినవాళ్లు ఎండిపోయిందేమో అనుకుంటారు. ఈస్టరు నాటికి లేత చిగురుతో, పూతతో నిండుగా ఉంటుంది. కానుగ కూడా దాదాపు అంతే. అప్పటికి వానలు పడవు, ఎండలు ముదురుతుంటాయి. వానకోసం ఆగకుండా ఆ చెట్టు చిగురించగలిగేది లోతున ఉన్న వేరు బలంతోనే. యిర్మీయా 17వ అధ్యాయంలో యెహోవాను నమ్ముకున్నవాడి గురించి చెప్పింది కూడా ఇదే. వాడు నీళ్ల దగ్గర నాటిన చెట్టులాంటివాడు, వర్షం లేని ఏడు కూడా చింతపడడు. కష్టం రాదని ప్రవక్త ఎక్కడా అనలేదు. వెట్ట కలుగుతుందనే చెప్పాడు. విశ్వాసి జీవితంలో ఎండ ఉంటుంది, ఆకు రాలే రోజులూ ఉంటాయి. ఆత్మీయులను పోగొట్టుకున్న ఇళ్లలో ఈ మాట ఎంత అవసరమో పరామర్శకు వెళ్లిన ప్రతిసారీ చూస్తున్నాం.

యోబు తన బాధలో చెట్టువైపే చూశాడు. నరికేసిన చెట్టు నీటి వాసన తగిలితే మళ్లీ చిగురు వేస్తుంది, మరి మనిషి చనిపోతే బతుకుతాడా అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు దొరికింది ఒక తోటలోనే. యేసును సిలువ వేసిన స్థలం దగ్గర ఒక తోట ఉందనీ, ఆయనను ఉంచిన కొత్త సమాధి ఆ తోటలోదేననీ యోహాను రాశాడు. పునరుత్థానుడైన ప్రభువును మగ్దలేనే మరియ మొదట తోటమాలి అనుకుంది. మనం ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడే చోట పచ్చని కొమ్మ ఉండాలని కోరుకోవడం కేవలం అందం కోసం కాదు. మన నిరీక్షణ కంటికి కనిపించాలని.

ఇక పని సంగతి. మనది నల్లరేగడి. వానాకాలంలో నీరు నిలుస్తుంది, ఎండాకాలంలో నెర్రెలు తీస్తుంది. మొక్క పెట్టి వదిలేస్తే మొదటి వేసవే దాటదు. మూడడుగుల గొయ్యి తీసి, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మేకల నుంచి కాపాడటానికి ట్రీ గార్డు కావాలి. మూడు వేసవులు నీళ్లు పోయాలి. వేప, కానుగ ఎక్కువగా, అక్కడక్కడ నేరేడు వేస్తాం. రావి, మర్రి వేర్లు సమాధులను పగలగొడతాయి కాబట్టి వద్దనుకున్నాం. త్వరగా ఎదుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు పేరు కూడా వచ్చింది గానీ, దాని వేర్లు పైపుల్లోకి, గోడల్లోకి చొరబడతాయని ఒప్పుకోలేదు.

లూకా 13లోని అంజూరపు చెట్టు మీకు గుర్తుండే ఉంటుంది. మూడేళ్లు కాయలేదని యజమాని నరికేయమంటే, తోటమాలి ఇంకొక్క ఏడు గడువు అడిగాడు. గడువు ఒక్కటే కాదు, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని మాట ఇచ్చాడు. మొక్క నాటి ఫొటో దిగడం దగ్గర ఆగిపోకుండా, ఆ తోటమాలి పని మనం చేయాలన్నదే మా పట్టుదల. ఈ ఊళ్లో సువార్త పని కూడా ఓపికతోనే ఎదిగింది. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరు వచ్చింది 1842లో. ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలైంది 1885లో.

గొయ్యి, మట్టి, గార్డు, మూడేళ్లపాటు నీళ్లు పోసే మనిషి జీతం కలిపి ఒక్కో చెట్టుకు 4,000 రూపాయలు అవుతుంది. 60 చెట్లకు 2,40,000. బోరుకు కొత్త మోటారు, పైపులైను వేయడానికి మరో 1,10,000 కావాలి. మొత్తం 3,50,000 రూపాయలు.

మీ ఆత్మీయుల జ్ఞాపకార్థం ఒక చెట్టు ఖర్చు భరించవచ్చు. వారి పేరు సంఘ రిజిస్టరులో రాస్తాం గానీ గార్డుల మీద బోర్డులు పెట్టం. ఎక్కువ ఇచ్చినవారికీ తక్కువ ఇచ్చినవారికీ ఆ నీడ ఒకటే. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక చెట్టుకు ఇచ్చినా సంతోషమే. డబ్బు ఇవ్వలేనివారు టెన్షన్ పడొద్దు. పల్లెల్లో పశువులున్నవాళ్లు ఒక ట్రాక్టరు ఎరువు పంపితే అది పెద్ద కానుక. గోతుల పనికి యూత్ పిల్లలు శనివారాలు వస్తామన్నారు, స్త్రీల సమాజం వారు భోజనం చూస్తామన్నారు.

విరాళాలు ఆదివారం ఆరాధన తరువాత కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తప్పక తీసుకోండి. దూరంగా ఉన్నవారు సంఘం బ్యాంకు ఖాతాకే పంపండి, ఎవరి సొంత నంబరుకూ పంపవద్దు. జమా ఖర్చులు ప్రతి నెల మొదటి ఆదివారం నోటీసు బోర్డులో పెడతాం. జూన్‌లో తొలకరి పడగానే నాటాలి కాబట్టి గోతులు మే నెలాఖరుకు సిద్ధం కావాలి. ఆలోపే మీ మాట తెలియజేయమని కోరుతున్నాం.

ప్రభువు సేవలో,
సంఘ కమిటీ, గుంటూరు