మిద్దె తోటల్లో పురుగుల పరిశీలన: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. పోయిన సర్వసభ్య సమావేశంలో "పురుగుల ఫొటోలకు కూడా చందానా" అని ఒకరిద్దరు అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే ఈసారి జమాఖర్చుల కంటే ముందు ఒక మందారం కుండీ సంగతి చెప్తాను.

మే నెలలో మూడో వీధిలో ఒక సభ్యురాలి మిద్దె మీద మందారం కొమ్మల చివర్లన్నీ దూది అంటించినట్టు తెల్లబడ్డాయి, పిండినల్లి. ఆవిడ పాత టూత్‌బ్రష్, సబ్బు నీళ్ళు పట్టుకుని తోముతుంటే వాటిలో కొన్ని మాత్రం కాస్త పెద్దగా ఉండి చకచకా పరుగెత్తడం కనిపించింది. అనుమానం వచ్చి ఆపేసి, ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. పిండినల్లి అంత వేగంగా నడవదు. అవి పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్లలు, క్రిప్టోలీమస్ అనే రకం గానీ దాని దగ్గరి చుట్టం గానీ అయ్యుంటాయి. ఒంటి మీద అదే తెల్లటి మైనం పోగులు వేసుకుని, తినబోయే పురుగులాగే కనిపిస్తాయి! క్రిప్టోలీమస్‌ని 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి కాఫీ తోటల్లో పొలుసు పురుగు కోసం తెప్పించారు. డబ్బిచ్చి కొనుక్కునే పురుగు మన కుండీలోకి తనంతట తానే వచ్చింది. అంతకు ముందు వారమే ఇంకో ఇంట్లో మేము ఇలాంటి వాటినే ఏరి ఏరి సబ్బు నీళ్ళలో వేశాం. తెలియక చేసినా, ఆ బాధ ఇంకా పోలేదు.

చలికాలంలో చిక్కుడు పాదులకు పేనుబంక పట్టినప్పుడు ఇదే కథ. ఎర్రటి రెక్కల మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగుని చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. దాని పిల్ల మాత్రం నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలా ఉంటుంది కాబట్టి ఎవరు చూసినా ముందు చంపాలనే అనుకుంటారు. పేనుబంక మధ్యలో కాళ్ళు లేకుండా జలగలా పాకే చిన్న పురుగు కూడా మన వైపుదే, పెద్దయ్యాక గాల్లో ఒకేచోట నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగ అవుతుంది. దాన్ని తేనెటీగ అనుకుంటాం గానీ తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. అందుకే డిసెంబరు సమావేశంలో అందరం ఒక మాట అనుకున్నాం: ఫొటో తీసి అదేమిటో కనుక్కోకుండా ఎవరూ వేపనూనె కూడా కొట్టకూడదు.

కరివేపాకు దగ్గర మాత్రం గట్టిగానే వాదన జరిగింది. నిమ్మ సీతాకోకచిలుక గుడ్లు పెట్టేది నిమ్మ, కరివేపాకు, మారేడు మీద. చిన్నప్పుడు గొంగళి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది, ముట్టుకుంటే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ములు బయటపెట్టి ఘాటైన వాసన వదులుతుంది. "మా పోపులోకి ఆకు మిగలట్లేదు" అన్నవాళ్ళ మాట కూడా కొట్టిపారేయలేం. చివరికి, ఉంచుకోగలిగినవాళ్ళు ఒక మొక్క వాటికి వదిలేయాలని, లేనివాళ్ళు గొంగళిని ఆకుతో సహా తెచ్చి పార్కులో మారేడు మీద పెట్టాలని తేలింది.

జూలై చివర్లో ప్రపంచమంతా మాత్ (రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే, సీతాకోకచిలుక లాంటి పురుగు) వారం జరుపుకుంటుంది కదా (2012 నుంచి జరుగుతోంది), మేమూ బట్టలారేసే తీగ మీద తెల్ల పంచె కట్టి బల్బు పెట్టాం. వాన వచ్చి గంటలో ఆపేశాం. అయితే మర్నాడు పొద్దున నందివర్ధనం కింద, ఆకుపచ్చ రంగుల్లో ముంచి తీసినట్టున్న పెద్ద హాక్ మాత్ కదలకుండా కూర్చుని ఉంది. ఈ ఏడాది ఫొటోలన్నిటిలో నాకు ఇష్టమైనది అదే. ఆరుద్ర పురుగు ఫొటోలు కూడా వచ్చాయి. ఎనిమిది కాళ్ళు కాబట్టి లెక్క ప్రకారం అది కీటకం కాదు, అయినా జాబితాలోంచి తీసేయడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఫొటోల గురించి కొత్తవాళ్ళకు ఒక మాట. ఎండ ఎక్కకముందు వెళ్ళండి, చల్లదనానికి పురుగులు నెమ్మదిగా ఉంటాయి. మీ నీడ వాటి మీద పడనివ్వకండి. ఫ్లాష్ బదులు పక్కన తెల్ల కాగితం పట్టుకుంటే వెలుతురు మెత్తగా పడుతుంది. కదలకుండా ఉండాలని పురుగుని ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు, అలా తీసిన ఫొటోలు మేము తీసుకోం.

అక్టోబరులో పార్కు అంచు మొక్కలకు ఎవరికీ చెప్పకుండా మందు కొట్టారు, తర్వాత చాలా రోజులు అక్కడ ఒక్క సీతాకోకచిలుక కనపడలేదు. ఇకమీదట రెండు రోజుల ముందు మనకు చెప్పాలని మందు కొట్టించినవాళ్ళకు కార్యవర్గం తరఫున లెటర్ ఇచ్చాం, జవాబు కోసం వెంటపడుతున్నాం.

చందా డబ్బుతో ఫోన్‌కు తగిలించే మాక్రో లెన్సులు రెండు, ఒక బల్బు కొన్నాం. బిల్లులు కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. లెన్సు కావాలంటే వారం ముందు చెప్పండి. ఫొటో పంపేటప్పుడు పురుగు పేరు తెలియకపోయినా ఫర్వాలేదు గానీ ఏ మొక్క మీద దొరికిందో తప్పకుండా రాయండి, సగం పురుగులను మేము మొక్కను బట్టే గుర్తుపడుతున్నాం.

- కార్యదర్శి