అయ్యగారు టైం పెట్టారా?

సంపాదకునికి,

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కలతో మా కరీంనగర్ జిల్లా పేరు దేశమంతా మారుమోగింది. నూటికి 82 కాన్పులు ఆపరేషన్లేనట! రాష్ట్ర సగటు 60.7 శాతం, దేశ సగటు 21.5. లెక్కలో ఏదో తేడా ఉందనుకున్నాను, మా అమ్మాయి కాన్పు దాకా.

ఎనిమిదో నెల నిండాక ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే కౌంటర్‌లో మొదట అడిగిన మాట, "అయ్యగారు టైం పెట్టారా?" అని. నొప్పుల ఊసే లేదు. మా వియ్యపురాలు అప్పటికే పంచాంగం పేజీ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. నేనూ సరేనన్నాను, తప్పులో నా వాటా ఉంది. తర్వాత వారం రోజులు కుట్లు లాగుతుంటే, ఏడ్చే పసిదాన్ని ఎత్తుకోవడానికి పక్కకు ఒత్తిగిల్లలేక మా అమ్మాయి పళ్లు బిగబట్టేది.

అవసరమైనప్పుడు ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది, కాదనను. కానీ రాష్ట్రంలో సర్కారు దవాఖానాల్లో 44.5 శాతం ఉన్న ఆపరేషన్లు ప్రైవేటులో 81.5 శాతం ఎందుకయ్యాయి? కడుపులో బిడ్డ ఆసుపత్రిని చూసి అడ్డం తిరగదు కదా!

ఏ ఆసుపత్రిలో ఎన్ని ఆపరేషన్లు, ఏ కారణంతో చేశారో జిల్లా వైద్యాధికారులు నెలనెలా బయటపెట్టాలి. సర్కారు దవాఖానాల్లో మిడ్‌వైఫ్ నర్సులను పెంచాలి. కాన్పుకు ముహూర్తం పెట్టబోమని పంతుళ్లు కూడా ఒక మాట అంటే మాలాంటి ఇళ్లలో పని తేలికవుతుంది.

- ఒక తాతయ్య, కరీంనగర్