దుకాణాల్లో నడవని కార్డుకు 5,900 రూపాయల ఫీజు: ఫిర్యాదు

హనుమకొండ,
19 మే 2025.

ప్రధాన నోడల్ అధికారి గారికి,
క్రెడిట్ కార్డుల విభాగం.

విషయం: వార్షిక ఫీజు వాపసు, కార్డు నెట్‌వర్క్ మార్పు గురించి.

అయ్యా,

మార్చితో నా రివార్డ్స్ కార్డు గడువు తీరింది. నన్ను ఒక్క మాట అడగకుండా అదే నెట్‌వర్క్ (వీసా, రూపే లాంటి కార్డు చెల్లింపుల వ్యవస్థ) మీద కొత్త కార్డు పోస్టులో పంపించారు. ఏప్రిల్ స్టేట్‌మెంటులో ఫీజు 5,000, దాని మీద జీఎస్టీ 900, మొత్తం 5,900 రూపాయలు వేశారు. ఏడాదిలో 4 లక్షలు వాడితే ఫీజు మాఫీ అన్నది మీ షరతు. నేను వాడింది 2,71,000. కాబట్టి ఫీజు పడాల్సిందేనని మీ కాల్ సెంటర్ వాళ్లు మూడుసార్లు చెప్పారు. మిగతా 1,29,000 ఎందుకు వాడలేకపోయానో చెప్పబోతే ఒక్కరూ వినలేదు. మీరైనా చదువుతారని రాస్తున్నాను.

పోయిన మాఘమాసంలో మా అమ్మాయి పెళ్లి చేశాం. నా జన్మలో ఒక్క ఏడాదిలో అంత డబ్బు ఎప్పుడూ ఖర్చు పెట్టలేదు, ఇక పెట్టబోను కూడా. ఎలాగూ పెట్టే ఖర్చే కదా, వీలైనంత కార్డు మీద పెడితే ఫీజు తప్పుతుంది, వచ్చే పాయింట్లు కొత్త దంపతుల విమానం టికెట్లకు పనికొస్తాయని ఆశపడ్డాను. ఆర్నెల్లు ముందు నుంచీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. పెళ్లి పనుల కోసం 38 చోట్ల ఈ కార్డు ఇచ్చి చూశాను. నడిచింది 11 చోట్ల.

వరంగల్‌లో నగల దుకాణానికి వియ్యాలవారితో కలిసి వెళ్లాం. బిల్లు 1,60,000 అయింది. కార్డు ఇస్తే ఆ అబ్బాయి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మా మిషన్ల నడ్వది సార్, వీసా గానీ రూపే గానీ ఉంటే ఇయ్యుండ్రి" అన్నాడు. ఇంకో మిషన్ తెప్పించారు, అందులోనూ కాలేదు. అప్పటికి యూపీఐలో లక్ష దాటి కట్టే వీలు లేదు. మా ఆవిడ డెబిట్ కార్డు ఖాతాలో అంత సొమ్ము లేదు. వెనకాల మరో రెండు కుటుంబాలు బిల్లు కోసం నిలబడి ఉన్నాయి. మా వియ్యంకుడు జేబులో చెయ్యి పెట్టి, "బావగారూ, ఇప్పటికి నేను కడతాను, తర్వాత చూసుకుందాం" అన్నాడు. ఆయన మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆడపిల్ల తండ్రికి ఆ మాట ఎలా తగులుతుందో మీకూ పిల్లలుంటే తెలుస్తుంది. నగలు కౌంటర్ మీదే ఉంచమని చెప్పి, ఆటోలో హనుమకొండ వచ్చి చెక్కుబుక్కు తీసుకెళ్లాను. నేను తిరిగొచ్చేదాకా గంటంబావు వాళ్లంతా అక్కడే కూర్చున్నారు.

ఆ ఒక్క బిల్లు మీ కార్డు మీద పడి ఉంటే నా వాడకం 4,31,000 అయ్యేది. ఫీజు మాఫీ అయ్యేది.

ఇత్తడి సామాన్లకు హైదరాబాద్‌లో బేగంబజార్ వెళ్లాం. అక్కడ మొదట వద్దన్నారు, తర్వాత రెండు శాతం ఎక్కువ వేసి తీసుకుంటామన్నారు. 28,000 బిల్లుకు 560 రూపాయలు అదనం. మీరిచ్చే పాయింట్లు 100 రూపాయలకు 4, ఒక్కో పాయింటు విలువ పావలా. అంటే ఆ బిల్లు మీద నాకు వచ్చేది 280. రెండింతలు పోగొట్టుకుని పాయింట్లు కొనుక్కోవడం ఎందుకని నగదు ఇచ్చి వచ్చాను.

దుకాణదారులను తప్పు పట్టను. నాదీ చిన్న స్టేషనరీ షాపే, కౌంటర్ మీద నాకూ మిషన్ ఉంది. యూపీఐ, రూపే డెబిట్ కార్డుల మీద 2020 జనవరి నుంచి మాకు కోత (అమ్మిన సొమ్ములోంచి పట్టుకునే కమిషన్) లేదు. మిగతా డెబిట్ కార్డులకు రిజర్వు బ్యాంకు పరిమితి ఉంది, చిన్న వ్యాపారికి 0.40 శాతం దాటకూడదు. క్రెడిట్ కార్డులకు అలాంటి పరిమితి లేదు. మీ నెట్‌వర్క్ కోసం విడిగా ఒప్పుకోవాలి, దాని కోత మిగతావాటికంటే ఎక్కువ అని మిషన్ ఇచ్చినాయన నాతోనే చెప్పాడు. నోటుబుక్కు అమ్మితే మిగిలేదే కొంచెం, అందులోంచి అంత ఇవ్వలేక నేనూ వద్దన్నాను. నా షాపులో నేనే తీసుకోలేని కార్డు, పక్క షాపువాడు తీసుకోలేదని ఎలా అడగను?

కార్డు అసలు పనికిరాదని అనడం లేదు. శంషాబాద్ విమానాశ్రయం లాంజ్‌లో మర్యాదగా కూర్చోబెట్టారు. ఆన్‌లైన్‌లో, హైదరాబాద్ మాల్స్‌లో ఇబ్బంది రాలేదు. నా 2,71,000లో ఎక్కువ భాగం అక్కడిదే. హైదరాబాద్‌లో ఉంటూ నెలకోసారి విమానం ఎక్కేవాళ్లకు గిట్టుబాటు అవుతుందేమో. నాలాంటివాడికి మాత్రం ఏడాదంతా కలిపి 10,840 పాయింట్లు వచ్చాయి, 2,710 రూపాయల విలువ. ఫీజు 5,900. పాయింట్లతో ఆ ఫీజు పూడాలంటే నేను 5,90,000 రూపాయలు ఈ కార్డు తీసుకునే చోట్లే ఖర్చు చేయాలి. మా ఊళ్లో అన్ని చోట్లు లేవు.

2022లో కార్డు అమ్మడానికి షాపుకొచ్చిన మీ అబ్బాయి, "వీసా నడిచే ప్రతిచోటా ఇది నడుస్తుందంకుల్" అన్నాడు. అతనికి అలా చెప్పమని నేర్పింది మీరు. ఇప్పుడు అడిగితే, దుకాణాలు తీసుకోవడం మా చేతిలో లేదంటున్నారు. మీ చేతిలో లేనిదాన్ని నమ్ముకుని 4 లక్షల లక్ష్యం నా మీద ఎలా పెట్టారు?

నెట్‌వర్క్ సంగతికొస్తే, 2024 మార్చి 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఏ నెట్‌వర్క్ కార్డు కావాలో ఖాతాదారుణ్ణి ఎంచుకోనివ్వాలి. పాత కార్డుదారులకు తర్వాతి రెన్యువల్ సమయంలో ఆ అవకాశం ఇవ్వాలి. ఇది అదే ఏడాది సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. 10 లక్షల లోపు కార్డులున్న సంస్థలకు మినహాయింపు ఉంది గానీ మీ కార్డులు అంతకు మించి ఉన్నాయని మీ ప్రకటనల్లోనే చూశాను. నా కార్డు రెన్యువల్ అయింది 2025 మార్చిలో. నాకు ఫోన్ రాలేదు, మెసేజ్ రాలేదు, ఫారం రాలేదు. అడిగి ఉంటే రూపే కావాలనేవాణ్ణి. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకోవచ్చు, చౌరస్తాలో టీ కొట్టు క్యూఆర్ దగ్గర కూడా నడుస్తుంది. మీ బ్యాంకు రూపే కార్డులు ఇస్తూనే ఉంది.

కాబట్టి 5,900 రూపాయలు నా ఖాతాకు వెనక్కి వేయండి, దాని మీద వడ్డీ, ఆలస్య రుసుము ఏవీ పడకుండా చూడండి. ఈ కార్డు బదులు రూపే కార్డు ఇవ్వండి, పాయింట్లు దానికి మార్చండి. అది కుదరదంటే ఆ మాట రాతపూర్వకంగా చెప్పి, పాయింట్ల విలువ ఇచ్చి, కార్డు మూసేయండి. ఫీజు తప్ప నేను మీకు బాకీ ఏమీ లేను. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కార్డుదారుకు ఇవ్వాలని 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది.

ఏప్రిల్ 24న పెట్టిన మొదటి ఫిర్యాదును నాతో మాట్లాడకుండానే "పరిష్కారమైంది" అని మూసేశారు. ఆ జవాబుతో నేను తృప్తి పడలేదు. మీ నుంచి కూడా సరైన జవాబు రాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఇవే కాగితాలు పంపిస్తాను.

స్టేట్‌మెంట్లు, నగల బిల్లు, నోటుబుక్కులోని 38 దుకాణాల జాబితా జతచేశాను. చూసి జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కార్డుదారుడు