మా అమ్మగారిని మళ్లీ నడిపించిన వారికి కృతజ్ఞతలు

తుంటి ఎముక విరిగిన మా అమ్మగారు ఆపరేషన్ తర్వాత కోలుకొని, ఉలవపాడులోని మా ఇంటి వసారాలో వాకరు పట్టుకొని నడుస్తున్నారు. ఇందుకు కారకులైన వారు తమ పేర్లు రాయవద్దన్నారు కనుక, చేసిన మేలును మాత్రమే ఇక్కడ చెప్పుకొంటున్నాను.

ఎనభైకి చేరువైన మనిషికి కోత ఎందుకని బంధువులు వెనకాడుతుంటే, మంచానికే పరిమితమైతే నిమ్ము చేరుతుందని, పడకపుండ్లు పడతాయని, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చని, వీలైనంతవరకు 48 గంటల్లోపే చేయడం మేలని నెల్లూరులోని ఎముకల డాక్టరుగారు ఓపికగా నచ్చజెప్పారు. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ 8 కంటే దిగువకు పడిపోయినప్పుడు, కావలి నుంచి వచ్చి రక్తమిచ్చిన ఇద్దరు యువకులు మా దగ్గర టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

అందరికన్నా ఎక్కువగా రుణపడింది వార్డులోని జనరల్ మెడిసిన్ డాక్టరమ్మగారికి. రిపోర్టులో ఆల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక మాంసకృత్తి) 2.8 అని చూసి మేము కంగారుపడితే, మామూలుగా అది 3.5కు తగ్గకూడదని, అయితే తిండి చాలకపోవడమే కాక దెబ్బ వల్ల, ఆపరేషన్ వల్ల ఒంట్లో పుట్టే వాపు కూడా దాన్ని తగ్గిస్తుందని, అందుకే పక్కనే, ఆ వాపు ఎంతుందో తెలిపే రక్తపరీక్ష సీఆర్‌పీని కూడా చూడాలని వివరించారు. సీఆర్‌పీ రెండు మూడు రోజుల్లో బాగా పెరిగి తర్వాత దిగుతుందని, దిగకపోయినా, దిగినది మళ్లీ పెరిగినా ఇన్ఫెక్షన్ కోసం వెతకాలని ఆమె చెప్పాక, ప్రతి అంకెకూ బెదిరిపోవడం మానుకున్నాము. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ బాగుందని చూసుకొన్న మీదటే, కిలో బరువుకు రోజుకు కనీసం 1.2 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూడమన్నారు. పెరుగన్నం తప్ప మరేదీ ముట్టని మనిషి చేత గుడ్లు, పెసరకట్టు తినిపించిన ఘనత మా పక్కింటి పిన్నిగారిది. అది డాక్టర్ల వల్ల కూడా కాలేదు.

రాత్రిళ్లు అమ్మగారు తోటలో ఉన్నాననుకొని కలవరిస్తుంటే, కళ్లజోడు పెట్టి, వేళెంతయిందో, ఎక్కడున్నారో మళ్లీ మళ్లీ నెమ్మదిగా చెప్పిన నర్సమ్మకు, ఆపరేషన్ మర్నాడే లేపి నిలబెట్టి, "ముందు వాకరు, తర్వాత నొప్పి కాలు, ఆ తర్వాత మంచి కాలు పెట్టమ్మా" అంటూ పక్కనే నడిచిన ఫిజియోథెరపిస్టుగారికి నమస్కారాలు.

విటమిన్-డి కూడా 20కి లోపే ఉన్నందున మందు వాడుతున్నాము. మూడు నెలలకు మళ్లీ పరీక్ష ఉంది. అప్పుడు కూడా నెల్లూరుకు తన కారులోనే తీసుకుపోతానని పిన్నిగారి అబ్బాయి ఇప్పుడే మాట ఇచ్చాడు.