ముడతలు ముచ్చటే, మరి కళ్ల సంగతి?

సంపాదకులు గారికి, నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ముడతల చర్మపు షార్‌పెయ్ జాతి కుక్క మీద మీరు వేసిన వ్యాసం చదివి నాలుగు రోజులు ఊరుకున్నాను. ఇక ఉండబట్టక రాస్తున్నాను. ముడతలెంత ఎక్కువైతే అంత ముద్దట! ఆ ముద్దేమిటో మూడేళ్లుగా అనుభవిస్తున్నాం. బెంగళూరులో ఈ జాతి కుక్కను కొన్న మా అబ్బాయి విదేశానికి వెళ్తూ మాకు అప్పగించి పోయాడు.

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో కాపలాకు, అడవి పందుల వేటకు, పందేలకు పెంచిన జాతి అది. 1973లో హాంకాంగ్ నుంచి ‘మాట్గో లా’ అనే కుక్కల పెంపకందారు ఒక అమెరికా పత్రికలో మొరపెట్టుకోకపోతే అంతరించి పోయేదేమో. ఆ తర్వాత అమెరికాలో గిరాకీ పెరిగి, ముడతలు ఎక్కువున్న వాటినే ఏరి పెంచారు. పాత చైనా కుక్కకు ఇన్ని ముడతలు లేవు. మీ వ్యాసంలో ఆ ముక్క ఏదీ? దాని నీలి నాలుక ఒక్కటే కనబడిందా?

కనురెప్ప లోపలికి మడతపడి, వెంట్రుకలు కనుగుడ్డును గీరుతుంటే మా కుక్క ముంగాళ్లతో ముఖం రుద్దుకునేది. శస్త్రచికిత్స చేయించాం. స్నానమయ్యాక ఒక్కో మడతా విప్పి పొడి నూలు గుడ్డతో అద్దాలి. కార్తీక మాసపు ముసురులో ఒక్క పూట మరిచామా, పులిసిన వాసన, ఎర్రగా ఒరుపు. ఉన్నట్టుండి జ్వరం వచ్చి వెనక కాలి కీలు ఉబ్బుతుంది. అదీ ఈ జాతికి వంశపారంపర్యమే, ముదిరితే మూత్రపిండాలకు ముప్పు. స్వభావమా, ఇంట్లోవాళ్లంటే ప్రాణం, కొత్తవాళ్లంటే గిట్టదు. మా పాలవాడు నేటికీ గేటు బయటే నిలబడి గిన్నె అడుగుతాడు. ఎవరితోనైనా ఇట్టే కలిసిపోతుందని మీ విలేకరి ఎవరిని అడిగి రాశారో!

కుక్కపిల్లలను అమ్మేవారు నమోదు చేసుకోవాలని, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదని 2017లోనే కేంద్రం నిబంధనలు పెట్టింది. తిరుపతిలో మే నెల ఎండకు రోడ్డు పక్క బోనుల్లో రొప్పుతున్న పిల్లలకు ఆ సంగతి తెలియదు, సరే. అధికారులకూ తెలియదా? ఒక కార్యాలయంలో అడిగితే ఇంకో కార్యాలయం పేరు చెప్పారు, అక్కడికి వెళ్తే మళ్లీ మొదటిదాని పేరే చెప్పారు. పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న ఊరిది! మంత్రిగారు దర్శనానికి వస్తున్నారంటే మాత్రం రాత్రికి రాత్రే రోడ్డుకు తారు పడుతుంది.

మీ విలేకరి ఆ విశ్వవిద్యాలయం దాకా ఒక్కసారి ఆటోలో వెళ్లి అడిగినా సరిపోయేది. లేదంటే మా ఇంటికి రమ్మనండి. మడతలు తుడవడానికి ఒక చెయ్యి తక్కువగా ఉంది.

— విశ్రాంత ఉపాధ్యాయుడు, కొర్లగుంట, తిరుపతి