‘లెగ్’కు చుట్టం ‘బేన్’ కాదు

సంపాదకుల వారికి,

శరీర భాగాల పేర్ల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇంగ్లిష్ ‘లెగ్’, స్వీడిష్ ‘బేన్’ ఒకే మూలానివని చెప్పింది. రెండూ కాలే కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ మాటల చుట్టరికం అర్థాన్ని బట్టి తేలదు, ధ్వనిని బట్టి తేలుతుంది.

రాయి ఇంగ్లిష్‌లో స్టోన్, స్వీడిష్‌లో స్టేన్. ఇల్లు హోమ్, హెమ్. ఓక్ చెట్టు అక్కడ ఏక్. పాత ఇంగ్లిష్‌లో ఇవి స్టాన్, హామ్, ఆక్. ఆ ‘ఆ’కారమే తర్వాత ‘ఓ’కారమైంది. ఈ వరసలో ‘బేన్’ పక్కన నిలిచేది ‘బోన్’, పాత రూపం ‘బాన్’. స్వీడిష్‌లో కాలికీ ఎముకకూ ఒకటే మాట. మాంసం ప్యాకెట్ మీద ‘బేన్‌ఫ్రీ’ అని ఉంటే బోన్‌లెస్ అని. ఆసుపత్రి కాగితంలో ‘బేన్‌బ్రొట్’ చూసి కాలు విరిగిందని తెలుగు చేస్తే తప్పు. మణికట్టు ఎముక విరిగినా ఆ మాటే రాస్తారు.

‘లెగ్’ది వేరే దారి. అది పాత నార్స్ ‘లెగ్గ్‌ర్’. 9వ శతాబ్దంలో ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడిన వైకింగులనే స్కాండినేవియా వాళ్ల భాష నుంచి వచ్చింది. రాతల్లోకి ఎక్కింది మాత్రం 1300 ప్రాంతంలో. అంతకుముందు ఇంగ్లిష్‌లో కాలంటే ‘షాంక్’. 1272 నుంచి 1307 దాకా ఏలిన ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్‌ను పొడుగు కాళ్లవాడని ‘లాంగ్‌షాంక్స్’ అన్నది అందుకే.

నార్స్‌లో లెగ్గ్‌ర్ ఒక్క కాలికే పరిమితం కాదు. అవయవంలోని పొడవాటి బోలు ఎముకనూ అలాగే అనేవారు. ఐస్‌లాండిక్‌లో నేటికీ చెయ్యి ‘హాండ్‌లెగ్గుర్’, కాలు ‘ఫోట్‌లెగ్గుర్’. గడ్డకట్టిన నీటి మీద జారడానికి గుర్రం కాలి ఎముకనో ఆవు కాలి ఎముకనో ఒక పక్క చదునుగా అరగదీసి పాదం కింద పెట్టుకునేవారు. దాని పేరు ‘ఈస్‌లెగ్గ్‌ర్’, అంటే మంచు ఎముక. దానికి ఇనుప స్కేటుకు ఉన్నట్టు పదునైన అంచు ఉండదు. అందుకే కాలితో తన్ని ముందుకు పోవడం కుదరక, మొనదేలిన కర్రను మంచులో పొడుస్తూ సాగేవారు. ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్ నగరపు తవ్వకాల్లో ఇలాంటి ఎముకలు దొరికాయి.

వ్యాసం పక్కన వేసిన పట్టికలో లెగ్ ఎదుట ‘లెగ్గ్‌ర్’ను, బోన్ ఎదుట ‘బేన్’ను ఉంచి మళ్లీ ప్రచురించాలని కోరుతున్నాను. విద్యార్థులు ఆ పట్టికను కత్తిరించి దాచుకుంటారు.

— ఒక అనువాదకుడు, హైదరాబాద్