తూటా మీద పన్ను ఎవరికి తగులుతుంది?

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో తుపాకుల మీద, తూటాల మీద పన్ను పెంచితే నేరాలు తగ్గుతాయన్న వ్యాసాన్ని మీ పత్రికలో చదివాను. వాణిజ్య పన్నుల శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఎక్కడ పన్ను మాట వినబడినా చెవి అటే పోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ధర పెంచి ఒక అలవాటు మాన్పించాలన్న ప్రయత్నాన్ని మా ఊరి పొలిమేరలోనే చూశాను. 2020 మేలో ఆంధ్రప్రదేశ్‌లో మద్యం ధరలను రెండు విడతలుగా 75 శాతం పెంచారు. తాగుడు తగ్గించడానికే అన్నారు. ఆ తర్వాత ఒకరోజు నేను తెలంగాణలోని కోదాడ నుంచి వస్తుంటే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర పోలీసులు మా ముందున్న స్కూటరును ఆపారు. సంచి నిండా బెండకాయలు. కానిస్టేబుల్ చెయ్యి పెట్టి కలియబెడితే అడుగున సీసాలు గలగలలాడాయి. పాపం, ఆ పెద్దమనిషి బెండకాయలు ఏరుకుంటూ నిలబడ్డాడు. పక్క రాష్ట్రంలో చవగ్గా దొరికే సరుకు మీద ఇక్కడ పన్ను వేస్తే సరుకు నడక నేర్చుకుంటుంది.

అమెరికాలోని సియాటిల్‌లో జరిగిందీ అదే. 2016 జనవరి నుంచి ఆ నగరంలో అమ్మే ప్రతి తుపాకీకి 25 డాలర్లు, తూటాకు 5 సెంట్లు, చిన్న పాయింట్ 22 రకానికైతే 2 సెంట్లు పన్ను. ఏటా మూడు నుంచి ఐదు లక్షల డాలర్లు వస్తాయని లెక్క వేసుకుంటే, మొదటి ఏడాది వచ్చింది లక్షకు కాస్త పైన. ఒక తుపాకుల దుకాణం లిన్‌వుడ్ అనే పక్క ఊరికి మారిపోయింది. మా అమ్మాయి ఉండేది నగర హద్దు దాటాకే. ఒకసారి అల్లుడితో కలిసి అక్కడ వేట, క్రీడా సామగ్రి అమ్మే దుకాణానికి వెళ్ళాను. చేపల గాలాల పక్క అరలోనే తూటాల పెట్టెలు. అరచేతిలో ఇమిడే అట్టపెట్టెలో యాభై తూటాలు. చేతిలోకి తీసుకుంటే, ఇంత చిన్న పెట్టెకు ఇంత బరువేమిటా అనిపించింది. నగరంలో కొంటే ఆ పెట్టె మీద రెండున్నర డాలర్లు పన్ను. ఇక్కడ లేదు. కారులో కాసేపు ప్రయాణం, అంతే.

ఇక దేశమంతటా ఉన్న పన్ను సంగతి. 1937 నాటి చట్టం కింద రైఫిళ్ళ మీద, తూటాల మీద 11 శాతం, పిస్టళ్ళ మీద 10 శాతం ఇప్పటికీ వసూలు చేస్తున్నారు. ఆ డబ్బు అడవి జంతువుల సంరక్షణకు పోతుంది. వేటగాళ్ళు దాన్ని గొప్పగా చెప్పుకుంటారు కూడా. ఆ పన్ను ఉండగానే అమెరికన్ల చేతుల్లోకి సుమారు 39 కోట్ల తుపాకులు చేరాయి, జనాభాకన్నా ఎక్కువ. కాలిఫోర్నియా 2024 జులై 1 నుంచి దానికి తోడు మరో 11 శాతం వేసింది. ఐదు వందల డాలర్ల పిస్టల్‌కు 55 డాలర్లు అదనం. కొనాలనుకున్నవాడు దీనికి ఆగుతాడా?

పన్ను నిజంగా కరిచిన సందర్భం ఒకటుంది. 1934లో మెషిన్‌గన్ల మీద, సైలెన్సర్లు, పొట్టి రైఫిళ్ళ వంటి వాటి మీద 200 డాలర్లు వేశారు. అప్పట్లో థాంప్సన్ అనే పేరున్న మెషిన్‌గన్ ఖరీదే దాదాపు అంత. పైగా పేరు నమోదు తప్పనిసరి. ఆ అంకెను తొంభై ఏళ్ళపాటు ఎవరూ పెంచలేదు. విలువను బట్టి కాకుండా ఇంతని గీత గీసి వేసిన పన్ను ఏటా కొంచెం కొంచెంగా చచ్చిపోతుందని మా శాఖలో గుమాస్తాకు కూడా తెలుసు. సైలెన్సర్ల మీద, పొట్టి రైఫిళ్ళ మీద ఆ పన్నును 2026 జనవరి నుంచి సున్నా చేసేశారు.

ఒకప్పుడు ఢిల్లీలో అమెరికా రాయబారిగా ఉన్న మొయినిహన్, సెనేటరయ్యాక 1993లో కొన్ని రకాల తూటాల మీద ఏకంగా 10,000 శాతం పన్ను వేద్దామన్నాడు. తుపాకీ తరతరాలు ఉంటుంది, తూటాలు నాలుగేళ్ళలో అయిపోతాయి కాబట్టి పట్టుకోవాల్సింది తూటానే అని ఆయన తర్కం. చట్టం కాలేదు గానీ, ఈ మొత్తం వాదంలో నాకు బుర్రకెక్కిన మాట అదొక్కటే.

అసలు చిక్కు వేరే ఉంది. నేరం చేసినప్పుడు తుపాకీ దగ్గరున్న ఖైదీలను అమెరికా న్యాయశాఖ 2016లో అడిగితే, 43 శాతం మంది వీధుల్లో, దొంగ బజారులో సంపాదించామన్నారు. దుకాణంలో కొన్నవారు సుమారు పది శాతమే. బిల్లు లేని చోట పన్ను ఎవరు కడతారు? మన దగ్గరా 2025 సెప్టెంబరులో రివాల్వర్లు, పిస్టళ్ళ మీద జీఎస్‌టీని 28 నుంచి 40 శాతం చేశారు. నాటు తుపాకీ అమ్మేవాడు జీఎస్‌టీ రిటర్ను వేస్తాడని నేనైతే అనుకోను.

అయితే పన్ను వద్దంటానా? అనను. నేరాలు తగ్గిస్తుందన్న హామీని పక్కన పెట్టి, డబ్బు ఎటు పోతున్నదో చూడమంటాను. చికాగో ఉన్న కుక్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఇలాంటి పన్నే వేసి చాలా భాగాన్ని మామూలు ఖజానాలో కలిపేసుకుంటే, 2021లో ఆ ఇల్లినాయ్ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. పన్నుకూ తుపాకీ హింసకూ లంకె ఏదని అడిగింది. సరైన ప్రశ్న. కొలరాడో రాష్ట్ర ప్రజలు 2024 నవంబరులో ఓటేసి ఒప్పుకున్న 6.5 శాతం పన్నులో మొదటి మూడు కోట్ల డాలర్లు నేర బాధితుల సేవలకే.

ఇది మనకు దూరపు సంగతి కాదు. చదువుకోవడానికి వెళ్ళిన మన పిల్లలు పెట్రోలు బంకుల్లో, దుకాణాల్లో రాత్రిపూట పనిచేస్తూ కాల్పులకు బలైన వార్తలు మీరే వేశారు. ప్రతిసారీ భౌతికకాయాన్ని ఇంటికి పంపడానికి చందాలు పోగుచేస్తారు. అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార పథకం ఉంది. ఆసుపత్రి ఖర్చులకు, అంత్యక్రియలకు అందులోంచి సాయం అడగవచ్చు. ఆ దరఖాస్తు ఎవరు పెట్టవచ్చో, ఎన్నాళ్ళలోపు పెట్టాలో, ఏ కాగితాలు కావాలో రాష్ట్రాలవారీగా కనుక్కుని మీ పత్రికలో ఒక అరపేజీ వేయగలరా?

ఇట్లు,
విశ్రాంత వాణిజ్య పన్నుల అధికారి,
జగ్గయ్యపేట